నోట్‌ప్యాడ్++లో పద్యాలకు వరుస నంబర్లు వాటంతట అవే పడేలా చేయొచ్చా?

గోదారి_గట్టు
మా తాతయ్య రాసుకున్న శతకాన్ని చేతిరాత పుస్తకంలోంచి నోట్‌ప్యాడ్++ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోకి ఎక్కించాను. అన్నీ కంద పద్యాలే. పాదానికో లైను, నాలుగు లైన్లకో పద్యం, పద్యానికీ పద్యానికీ మధ్య ఒక ఖాళీ లైను. ఎడమ పక్క మార్జిన్‌లో లైన్ నంబర్లు కనిపిస్తూనే ఉంటాయి కానీ కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే రావు. సరే అని చేత్తోనే 1, 2, 3 వేసుకుంటూ పోయాను. మొత్తం అయ్యాక మా పిన్ని తన దగ్గరున్న పాత డైరీలోంచి ఇంకో పద్యం ఫొటో తీసి పంపింది. అది 12 తర్వాత రావాలట! అంటే 13 నుంచి 107 దాకా అన్నీ మార్చాలి. ఇంకెన్ని డైరీలు బయటపడతాయో తెలియదు. నంబర్లు ఆటోమేటిక్‌గా పడే దారి ఉంటే చెప్పండి.

ఎక్సెల్_అక్క
ఎక్సెల్ ఉందిగా. మొత్తం కాపీ చేసి రెండో కాలమ్‌లో పేస్ట్ చెయ్యండి. మొదటి కాలమ్‌లో 1, 2 వేసి కిందికి లాగండి. అయిపోయింది.

ఖాళీ_జాగా
అక్కా, ఎక్సెల్‌లో మామూలు రాత పెట్టేటప్పుడు కాస్త చూసుకోవాలి. లైను మొదట్లో = గానీ - గానీ ఉంటే అది ఫార్ములా అనుకుంటుంది. డబుల్ కోట్‌తో మొదలయ్యే లైను పేస్ట్ చేస్తే, ఆ కోట్ మూసేదాకా ఉన్న లైన్లన్నీ ఒకే గడిలోకి పోతాయి. పద్యంలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటే అదే జరుగుతుంది.

@గోదారి_గట్టు, అంత దూరం వెళ్లక్కర్లేదు. పాత నంబర్లు తీసేసి, కర్సర్‌ని మొదటి లైను మొదట్లో పెట్టి ఆల్ట్+సి నొక్కండి. కాలమ్ ఎడిటర్ తెరుచుకుంటుంది. నంబర్ అన్న వైపు ఎంచుకుని, మొదటి సంఖ్య 1, పెంపు 1 ఇవ్వండి. ఏమీ సెలెక్ట్ చేయకపోతే కర్సర్ ఉన్న లైను నుంచి ఫైలు చివరిదాకా వేసేస్తుంది. కొంత భాగానికే కావాలంటే ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో నిలువుగా లాగి, అప్పుడు ఆల్ట్+సి. వర్డ్ వ్రాప్ (పొడుగు లైను తెర అంచున విరిగి కింది వరసలోకి రావడం) ఆపేసి చెయ్యండి. కర్సర్ మాత్రం లైను మొదట్లోనే ఉండాలి. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, మధ్యలో పెడితే అంకె వెళ్లి గుణింతంలో దూరుతుంది.

గోదారి_గట్టు
పడ్డాయి! కానీ ఖాళీ లైన్లతో సహా అన్నిటికీ పడ్డాయి, 539 దాకా. నాకు పద్యానికి ఒక్కటే కావాలి. ఇంకో విచిత్రం ఏంటంటే 1 తర్వాత రెండు ఖాళీలు, 11 తర్వాత ఒకటి, 101 తర్వాత అసలు లేదు. అక్షరానికి అతుక్కుపోయింది.

ఖాళీ_జాగా
అన్ని నంబర్లూ ఒకే వెడల్పులో ఉండాలని అది అలా చేస్తుంది. ముందు సున్నాలు పెట్టమని చెబితే 001, 002 అని వస్తాయి, ఖాళీల గొడవ ఉండదు.

539 రావడం మంచి విషయమే. 108 పద్యాలకు నాలుగేసి చొప్పున 432, మధ్య ఖాళీలు 107, మొత్తం 539. ఎక్కడా పాదం విరిగిపోలేదు, ఖాళీ లైను ఎక్కువ కాలేదు. చివరి పాదం తర్వాత ఎంటర్ కొట్టి ఉంటే 540 చూపించేది.

కందం_సుందరం
ఆ లెక్క భలే ఉంది. పద్యాలు టైప్ చేసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి.

చిట్కా_చిట్టి
పద్యానికో నంబరు కావాలంటే ముందు పద్యాన్నంతా ఒకే లైను చేసేయండి, నంబర్లు వేశాక మళ్లీ విడగొట్టండి. కంట్రోల్+హెచ్‌లో (వెతికి మార్చే పెట్టె) ఎక్స్‌టెండెడ్ మోడ్ (ఎంటర్ లాంటి కనిపించని గుర్తుల్ని కూడా వెతికేది) పెట్టి ఈ వరుసలో:

ముందు రెండు ఎంటర్లు పక్కపక్కన ఉన్న చోటల్లా @@ పెట్టండి. తర్వాత మిగిలిన ఒంటి ఎంటర్లన్నిటినీ | చెయ్యండి. ఇప్పుడు @@ ని ఒక ఎంటర్ చెయ్యండి. 108 లైన్లు మిగులుతాయి, లైనుకో పద్యం. ఆల్ట్+సి కొట్టి నంబర్లు వేయండి. వెనక్కి వచ్చేటప్పుడు ముందు ఒక్కో ఎంటర్‌ని రెండు ఎంటర్లు చేసి, ఆ తర్వాతే | ని ఎంటర్ చెయ్యాలి. వరుస తప్పితే కిచిడీ అవుతుంది, కాబట్టి కాపీ ఫైలు మీద చెయ్యండి.

కందం_సుందరం
| వద్దు చిట్టిగారూ. పద్యాలు రాసుకునేవాళ్లు గణాలు విడగొట్టడానికి ఆ నిలువు గీతే వాడతారు. చేతిరాతలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఉంటే తిరిగి విడగొట్టేటప్పుడు ప్రతి గణం ఒక లైను అవుతుంది. ~ లాంటి పద్యంలో ఎప్పుడూ రాని గుర్తు పెట్టుకోండి. అది ఫైల్లో లేదని ముందు ఒకసారి వెతికి చూసుకోవాలి.

చిట్కా_చిట్టి
ఒప్పుకున్నా. ~ ఖాయం.

విమ్_వీరుడు
ఇంత విడగొట్టి అతికించడం ఎందుకండీ. విమ్ అనే ఎడిటర్‌లో ప్రతి పద్యం మొదటి పాదం ముందు మాత్రం 0 పెట్టండి (ఖాళీ లైను తర్వాత వచ్చే లైన్లకి ఒక్క రీప్లేస్‌తో పెట్టొచ్చు). మొత్తం సెలెక్ట్ చేసి జి నొక్కి కంట్రోల్+ఏ. సున్నాలన్నీ 1, 2, 3 అయిపోతాయి. అంకె లేని లైన్లను అది లెక్కలోకి తీసుకోదు. పద్యాల్లో అంకెలు ఉండవు కాబట్టి మీకు అతికినట్టు సరిపోతుంది. విమ్ 8 గానీ ఆ తర్వాతది గానీ అయితే చాలు.

ఎక్సెల్_అక్క
ప్రతి చర్చలోనూ విమ్ వాళ్లు వస్తారు, అవతలివాళ్ల దగ్గర విమ్ ఉందా అని మాత్రం అడగరు.

విమ్_వీరుడు
ఉచితమే కదక్కా :)

డీటీపీ_బాబాయ్
ఈ కుస్తీలన్నీ సరే. గోదారి బాబూ, ఈ శతకాన్ని ప్రెస్‌కి ఇస్తున్నావా, ఇంట్లో చదువుకోవడానికా? ప్రెస్‌కి అయితే నంబర్లు ఫైల్లోనే ఉండాలి, అక్షరాల పక్కన అక్షరాల్లాగా. పేజీలు పెట్టేటప్పుడు వాళ్లు కాపీ చేసి అతికిస్తారు, పట్టకపోతే కింద కత్తిరిస్తారు. ఒక పద్యం ఎగిరిపోతే ఎవరికీ తెలియదు. 36 తర్వాత 38 కనిపిస్తేనే తెలుస్తుంది. మా ఊళ్లో ఒక ప్రెస్‌లో వేయించిన సంకీర్తనల పుస్తకంలో రెండు కీర్తనలు మాయం. పేజీ సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా నంబర్లు వేసింది కాబట్టి వరుస చక్కగా ఉంది, పుస్తకం ఆవిష్కరణ రోజు పాడబోతే కీర్తన లేదు.

లినక్స్_లింగం
బాబాయ్‌తో ఏకీభవించను. అసలు ఫైల్లో నంబర్లు ఉండకూడదు. ఉంటే పిన్నిగారి డైరీ దొరికిన ప్రతిసారీ ఇదే బాధ. శుభ్రమైన ఫైలు ఒకటి దాచుకో, ఎవరికైనా ఇవ్వాల్సి వచ్చినప్పుడు నంబర్లు వేసిన కాపీ పుట్టించు. పని ఒక్క కమాండ్.

డీటీపీ_బాబాయ్
నేను చెప్పింది ప్రెస్‌కి వెళ్లే కాపీ గురించేగా! నువ్వు కాదంటూనే అదే చెప్పావు.

లినక్స్_లింగం
సగం అదే. మీరు టైప్ చేసిన నంబరు అంటున్నారు, నేను పుట్టించిన నంబరు అంటున్నాను.

కమాండ్ సంగతి. లినక్స్‌లో ఎన్ఎల్ (nl) అని ఒకటుంది, మామూలుగా ఖాళీ లైన్లను వదిలేసి మిగతా వాటికి నంబర్లు వేస్తుంది. క్యాట్ (cat) అనే కమాండ్‌కి చిన్న ఎన్ ఇస్తే అన్నిటికీ, చిన్న బి ఇస్తే ఖాళీ కాని వాటికి. కానీ ఇవన్నీ లైన్లు లెక్కపెట్టేవే. పద్యాలకి ఆక్ (awk) అనే కమాండ్ ఉంది. అందులో ఆర్ఎస్‌ని (RS, రికార్డుల్ని విడగొట్టే గుర్తు) ఖాళీగా పెడితే ఖాళీ లైను వచ్చేదాకా ఉన్నదంతా ఒకే రికార్డు అనుకుంటుంది. ఇక ఎన్ఆర్ (NR, రికార్డు వరుస సంఖ్య) అంటే పద్యం నంబరే. దాన్ని, చుక్కని, పద్యాన్ని వరసగా ప్రింట్ చేయమంటే సరి. అవుట్‌పుట్‌లో పద్యాల మధ్య ఖాళీ లైను రావాలంటే ఓఆర్ఎస్‌కి (ORS, అవుట్‌పుట్‌లో రికార్డుల మధ్య పెట్టే గుర్తు) రెండు ఎంటర్లు ఇవ్వాలి.

గోదారి_గట్టు
మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ ఉంటే ఆక్ ప్రయత్నించాం. మొత్తం శతకం మొదట్లో "1." అని ఒక్కటే వచ్చింది. 2 లేదు, ఏమీ లేదు. తాతయ్య రాసింది ఒకే పద్యమట.

ఖాళీ_జాగా
హహహ. దండకం అయి ఉంటుంది.

నీ ఫైలు విండోస్‌లో తయారైంది. అక్కడ ప్రతి లైను చివర రెండు గుర్తులు ఉంటాయి, లినక్స్‌లో ఒకటే. నీకు ఖాళీగా కనిపించే లైన్లో ఆ అదనపు గుర్తు మిగిలిపోతుంది. ఆక్ దృష్టిలో అది ఖాళీ కాదు. నోట్‌ప్యాడ్++లో కింద కుడివైపు విండోస్ అని రాసి ఉన్నచోట రైట్ క్లిక్ చేసి యూనిక్స్‌కి మార్చి సేవ్ చెయ్యి. ఖాళీ లైన్లో పొరపాటున స్పేస్ ఉన్నా ఇదే తంటా. ఎడిట్ మెనూలో లైను చివరి ఖాళీలు తీసేసే ఆప్షన్ ఉంది, అది కూడా ఒకసారి నడిపించు.

బైట్ల_బసవయ్య
పనిలో పని, ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతి) కూడా చూసుకోండి. యూటీఎఫ్-8 విత్ బామ్ అని ఉంటే ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు ఉంటాయి. ఎడిటర్లకి వాటి సంగతి తెలుసు. కమాండ్లకి అంతగా తెలియదు. నంబరు వెళ్లి వాటి ముందు కూర్చుంటుంది, అవి 1కీ మొదటి అక్షరానికీ మధ్య ఇరుక్కుంటాయి. తర్వాత ఎవరో వెతికితే మొదటి పద్యం మాత్రం దొరకదు, ఎందుకో అర్థం కాదు. బామ్ లేని యూటీఎఫ్-8లో సేవ్ చేసి మొదలుపెట్టండి. విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ కూడా 2019 నుంచి కొత్త ఫైళ్లను అలాగే సేవ్ చేస్తోంది. ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్ జోలికి అసలు పోవద్దు, తెలుగంతా ప్రశ్నార్థకాలై పోతుంది.

గోదారి_గట్టు
యూనిక్స్‌కి మార్చాక 108 వచ్చాయి! ఖాళీ_జాగా అన్నకు పాదాభివందనం.

కందం_సుందరం
కంద పాదాభివందనమా?

మెయిన్‌ఫ్రేమ్_మామ
ఈ చర్చ చూస్తుంటే వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) రోజులు గుర్తొచ్చాయి. మేం కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష మీద వచ్చినవాళ్లం. అందులో ప్రతి లైనూ 80 నిలువు గడులు. మొదటి 6 గడులు వరుస నంబరు కోసమే కేటాయించారు. ఫోర్‌ట్రాన్ అనే ఇంకో భాషలో అయితే చివర, 73 నుంచి 80 దాకా. కంపైలర్ ఆ గడుల్ని పట్టించుకోదు. ప్రోగ్రాం లైనుకో కార్డు చొప్పున పంచ్ చేసే కార్డుల కాలంలో కట్ట చేయి జారి పడితే మళ్లీ వరుసలో పేర్చుకోవడానికి. కార్డులు పోయాయి, గడులు మిగిలాయి. మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్లో రీనం అంటే మొత్తం కొత్త నంబర్లు పడతాయి, అన్‌నం అంటే ఊడిపోతాయి. లింగం అడిగేదీ బాబాయ్ అడిగేదీ రెండూ అందులో ఉన్నాయి.

డీటీపీ_బాబాయ్
మామా, మేం జీడబ్ల్యూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష బ్యాచ్. ఆటో అని కొడితే 10, 20, 30 అని నంబర్లు అవే వచ్చేవి, మనం ఎదురుగా టైప్ చేసుకోవడమే. పదేసి ఎందుకంటే మధ్యలో ఏదైనా గుర్తొస్తే 15 అని దూర్చొచ్చు. ఖాళీ అయిపోతే రీనం. అందులో అసలు గొప్పతనం ఏంటంటే, గోటూ 120 (120వ లైనుకి వెళ్లు) అని ఎక్కడైనా రాసి ఉంటే దాన్ని కూడా కొత్త నంబరుకి మార్చేది.

ఇప్పుడు గోదారి బాబుకి అసలు ప్రశ్న. ముందుమాటలో "37వ పద్యంలో చెప్పినట్టు" అని ఎక్కడైనా ఉందా? ఆక్ దాన్ని మార్చదు.

గోదారి_గట్టు
ఉంది బాబాయ్. తాతయ్య స్నేహితుడు ఒకాయన అప్పట్లోనే పీఠిక రాసిచ్చారు. అందులో పది చోట్లైనా పద్యం నంబర్లున్నాయి. కొత్త పద్యం చేరితే అవన్నీ ఒకటి జరుగుతాయి.

కందం_సుందరం
అయితే జరపొద్దు. కొత్తదానికి 12అ అని పెట్టండి. తర్వాత దొరికిన పద్యాలను పాత వరుస చెడకుండా ఇరికించడానికి ఇదే మంచి పద్ధతి. వేమన పద్యాలనే చూడండి, ఒక ప్రచురణలో ఉన్న నంబరు ఇంకో దాంట్లో ఉండదు. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన దాంట్లో ఉన్న వరుసకీ ఇప్పుడు బజార్లో దొరికేవాటికీ పొంతన లేదు. ఎవరైనా "వేమన 212" అని రాస్తే ఏ పుస్తకంలో అని అడగాల్సి వస్తుంది.

లినక్స్_లింగం
12అ అంటే నంబర్లు చేత్తో వేసినట్టే కదా. ఆటోమేటిక్ అడిగిన చర్చలో ఇదేంటి సుందరంగారూ.

కందం_సుందరం
యంత్రం 107 వేస్తుంది, మనిషి ఒకటి వేస్తాడు. అందులో కష్టమేముంది?

పరిశోధక_ఇందు
నా అనుభవం వేరు. నేను వర్డ్‌లో వ్యాసం రాసి ఒక పత్రికకి పంపితే, సమీక్షకుల కోసం లైన్ నంబర్లు పెట్టి పంపమన్నారు. లేఅవుట్ మెనూలో లైన్ నంబర్స్, కంటిన్యుయస్ అని పెడితే మార్జిన్‌లో వచ్చేస్తాయి. పేజీకోసారి మళ్లీ 1 నుంచి మొదలెట్టమనొచ్చు, ఏదైనా పేరాకి వద్దనొచ్చు. పట్టికల్లోని లైన్లు, ఫుట్‌నోట్లు లెక్కలోకి రావు.

కానీ అవి తెర మీద కనిపించే లైన్లు. సమీక్షకుడు "142వ లైను సరిచేయండి" అన్నాడు. ఆయన కంప్యూటర్లో నేను వాడిన తెలుగు ఫాంట్ లేదు, వేరే ఫాంట్‌లో తెరుచుకుంది, లైన్లు వేరేచోట విరిగాయి. ఆయన 142 నాకు 136లో ఎక్కడో. అప్పటినుంచి పీడీఎఫ్ చేసి పంపుతున్నాను. వచనానికి లైన్ నంబర్లు కావాల్సినవాళ్లు ఇది చూసుకోండి.

ఖాళీ_జాగా
ఇందుగారు చెప్పింది చాలామంది పట్టించుకోని సంగతి. నోట్‌ప్యాడ్++లో లైను అంటే ఎంటర్ నుంచి ఎంటర్ దాకా. వ్రాప్ అయి తెర మీద మూడు వరసలుగా కనిపించినా నంబరు ఒకటే. వర్డ్ లైన్ నంబర్లలో వరసే లైను. రెండూ వేరే లెక్కలు.

సిరిసిల్ల_కుర్రోడు
మధ్యలో వచ్చి అడుగుతున్నా ఏమనుకోకండి. అంకెలు తెలుగులో, అంటే ౧ ౨ ౩ అని వేసే వీలుందా? మా గుడి స్తోత్రాల పుస్తకానికి కావాలి.

బైట్ల_బసవయ్య
ముందు మామూలు అంకెలతో నంబర్లు వేసేసి, తర్వాత లినక్స్‌లోని సెడ్ (sed) కమాండ్‌లో వై అనే ఆదేశంతో 0123456789 ని ౦౧౨౩౪౫౬౭౮౯ గా ఒకేసారి మార్చొచ్చు. టీఆర్ (tr) అనే కమాండ్ వాడకండి. లినక్స్‌తో వచ్చేది బైట్ల లెక్కన పనిచేస్తుంది, తెలుగు అంకె ఒక్కోటి మూడు బైట్లు, ముక్కలైపోతుంది. ఫైల్లో వేరేచోట అంకెలు (సంవత్సరాలు, ఫోన్ నంబర్లు) ఉంటే అవీ మారతాయని గుర్తుంచుకోండి.

వెబ్‌పేజీ అయితే ఇంకా తేలిక. లిస్ట్ స్టైల్‌కి తెలుగు అనే విలువ సీఎస్ఎస్‌లోనే (వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) ఉంది, బ్రౌజరే ౧ ౨ ౩ చూపిస్తుంది.

ఎక్సెల్_అక్క
తెలుగు అంకెలు చదివేవాళ్లు ఎంతమంది మిగిలారు? మా అబ్బాయి ౩ ని చూసి అక్షరం అనుకున్నాడు.

సిరిసిల్ల_కుర్రోడు
గుడి పుస్తకం కదక్కా, పెద్దవాళ్లు చూస్తారు. పంతులుగారి పట్టుదల కూడాను.

గోదారి_గట్టు
ఇంకో చిక్కు. నంబర్లు వేసిన పద్యాలు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొదటి పాదం కాస్త లోపలికి జరిగింది, మిగతా మూడు పాదాలు బయట ఉన్నాయి. 100 నుంచి మాత్రం బాగానే ఉన్నాయి. ఇదేం చిత్రం?

చిట్కా_చిట్టి
2024లో వాట్సాప్‌లో నంబర్ల జాబితాలు వచ్చాయి. ఒకటి లేదా రెండు అంకెలు, చుక్క, స్పేస్ ఉంటే జాబితా అనుకుని జరుపుతుంది. మూడు అంకెలకి అది వర్తించదు, అందుకే 100 నుంచి బాగున్నాయి. చుక్క తీసేసి (1) అని బ్రాకెట్లో పెట్టి చూడు.

డీటీపీ_బాబాయ్
లేదా 001 అని పెట్టు. పద్యానికో ఫైలు చేసి దాచుకుంటే ఆ సున్నాలు అక్కడా పనికొస్తాయి. లేకపోతే చాలాచోట్ల 1 తర్వాత 10, 100, ఆ తర్వాతెప్పుడో 2 వస్తుంది.

గోదారి_గట్టు
ఇంట్లో మాట్లాడుకున్నాం. పీఠిక మార్చడానికి పిన్ని ఒప్పుకోలేదు, ఆయన రాసింది ఆయన రాసినట్టే ఉండాలంది. కాబట్టి 12అ. నంబర్లు లేని ఫైలు నా దగ్గర ఉంటుంది, ప్రెస్‌కి నంబర్లు వేసిన కాపీ. అయితే ఆక్ ఆ పద్యాన్ని 13 అంటోంది. ప్రతిసారీ ఆ ఒక్కదాన్ని తప్పించడం ఎలా?

లినక్స్_లింగం
పుట్టించేటప్పుడు తప్పించు. ఆ పద్యం మొదటి పాదం ముందు నీ శుభ్రమైన ఫైల్లో + గుర్తు పెట్టు. ఎన్ఆర్ వాడకుండా నీదే ఒక లెక్క పెట్టుకో. రికార్డు + తో మొదలైతే లెక్క పెంచకుండా పాత అంకె పక్కన అ చేర్చి, + తీసేసి ప్రింట్ చెయ్యి. మిగతావాటికి లెక్క ఒకటి పెంచి ప్రింట్ చెయ్యి. ఇంకో డైరీలో ఇంకో పద్యం దొరికితే దాని ముందూ + పెడితే చాలు.

కందం_సుందరం
ఒకే చోట రెండు దొరికితే? 12అ, 12ఆ కావాలి కదా.

లినక్స్_లింగం
వరసగా ఎన్ని + లు వచ్చాయో ఇంకో లెక్క పెట్టుకుని అచ్చుల వరసలోంచి అన్నో అక్షరం తీసుకోవాలి. రాత్రికి రాసి ఇక్కడే పెడతా. ఋ వాడాలా, వదిలేయాలా అన్నది మీరే తేల్చండి.